చట్టాలకూ వేసవి సెలవులా?

ఏటా ఏప్రిల్ నెలాఖరులో బడికి తాళం పడుతుంది. మళ్లీ తెరిచేది జూన్ 12 ప్రాంతంలో. ఈ ఏడు వారాల్లో పిల్లలు నేర్చింది మరిచిపోకుండా చూడమని పత్రికలు సలహాలిస్తుంటాయి. కథల పుస్తకాలు చదివించండి, ఈత నేర్పించండి, సమ్మర్ క్యాంపులకు పంపండి అంటాయి. తిరుపతిలో నెల జీతాలొచ్చే ఇళ్లకు ఇవి పనికొచ్చే సలహాలే. మరి పాకాల, పుంగనూరు, బంగారుపాళెం పల్లెల్లో కూలికి పోయే తల్లి సంగతేమిటి? అసలు ఆమె కూతురికి సెలవులున్నాయా?

మన ప్రాంతంలో వేసవి అంటే పని తగ్గే కాలం కాదు, పని మారే కాలం. చింతపండు కొట్టి గింజ తీయాలి. విత్తనానికి చెనక్కాయలు ఒలవాలి. మామిడి కోతలు మొదలైతే పెద్దవాళ్లు తోటలకూ, మండీలకూ, గుజ్జు ఫ్యాక్టరీలకూ పోతారు. వాళ్లు పోయాక చంటిబిడ్డను ఎత్తుకునేదెవరు? నీళ్లు పట్టేదెవరు? పొయ్యి ముట్టించేదెవరు? పదకొండేళ్ల ఆడపిల్లే. అన్న ఆటకు పోతే "సెలవులు కదా, పోనీ" అంటాం. చెల్లెలు పుస్తకం పడితే "సెలవులే కదా, పని చూడు" అంటాం. మాట ఒకటే, న్యాయం రెండు రకాలు.

మన చట్టాలూ ఈ ఏడు వారాలూ పక్కకు తప్పుకుంటాయి. 2009 విద్యాహక్కు చట్టం 1 నుంచి 5 తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 6 నుంచి 8 తరగతులకు 220 పనిదినాలు ఉండాలంది. మిగతా రోజుల ఊసు లేదు. 2013 ఆహార భద్రత చట్టం బడిలో రోజూ ఉచితంగా మధ్యాహ్న భోజనం పెట్టమంది, బడి సెలవు రోజులు తప్ప. బాలకార్మిక చట్టానికి 2016లో తెచ్చిన సవరణ మరీ విచిత్రం. పద్నాలుగేళ్ల లోపు పిల్లలతో పని చేయించకూడదంటూనే, ప్రమాదకరం కాని కుటుంబ వృత్తిలో బడి వేళల తర్వాతా, సెలవుల్లోనూ సాయం చేయొచ్చని వెసులుబాటు ఇచ్చింది. కుటుంబమంటే అమ్మానాన్నలే కాదు, మేనత్త, మేనమామ, చిన్నాన్న, పిన్ని అందరూ వస్తారు. ఇక వంటా, అంట్లూ, పిల్లల పెంపకమూ పని కిందికే రావు. ఆకలికి, చాకిరీకి సెలవులు లేనప్పుడు హక్కులకు మాత్రం సెలవులెందుకు?

ఇంకో ప్రమాదం ఉంది. వేసవి పెళ్లి ముహూర్తాల కాలం. బడి నడుస్తుంటే పిల్ల నాలుగు రోజులు రాకపోతే పంతులమ్మ అడుగుతుంది. మే నెలలో అడిగే దిక్కుండదు. కస్తూర్బా విద్యాలయాల హాస్టళ్లలో చదివే ఆడపిల్లలూ అప్పుడే ఇంటికొస్తారు. పద్దెనిమిదేళ్లు నిండకుండా పెళ్లి చేయడం 2006 చట్టం ప్రకారం నేరం. తెలిసినా చాలా చోట్ల నోరు మెదపం. ఊరిపేరు చెప్పి 1098కి ఒక్క ఫోన్ చేస్తే చాలు.

అయితే పిల్లలకు విశ్రాంతి వద్దా, వేసవిలోనూ పాఠాలు రుద్దాలా అని అడగొచ్చు. రుద్దమనడం లేదు. ధర్మరాజుల గుళ్లలో పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి వీధినాటకంగా భారతం నడిచే జిల్లా మనది. విని, చూసి, అడిగి నేర్చుకోవడం మన పిల్లలకు కొత్త కాదు. కావలసింది ఆ పిల్లకు రోజుకు రెండు గంటల సొంత సమయం. అమ్మ కొట్టిన చింతపండు ఎన్ని కిలోలు, రావలసిన కూలి ఎంత అని ఆ పిల్లే కాగితం మీద రాస్తే లెక్కా మరిచిపోదు, కూలీ మోసపోదు. అక్షరం ఆడవాళ్ల చేతికొస్తే ఏమవుతుందో 1992లో పక్కనున్న నెల్లూరు జిల్లా దూబగుంట సారా దుకాణాలు మూయించి చూపింది.

అందుకే మనం అడగవలసినవి ఇవి. ఎండ ముదరకముందే, పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా ఊరి బడి వరండాలో పిల్లల కేంద్రం నడవాలి. చంటిబిడ్డను చంకనేసుకొచ్చిన పిల్లనూ రానివ్వాలి. నడిపే చదువుకున్న అమ్మాయికి గౌరవ వేతనం ఇవ్వాలి. సేవ పేరుతో ఆడవాళ్ల చేత ఉచితంగా చేయించుకోవడం చాలు. కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ మధ్యాహ్న భోజనం పెట్టమని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 20న ఆదేశించింది. కరువు మండలమని ప్రకటించిన చోటల్లా ఆ మాట గుర్తు చేయాలి. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా కడుతున్నాం. ఆ డబ్బుతో కొన్న పుస్తకాలు మన పల్లెకెందుకు రావో పంచాయతీని నిలదీయాలి. బడి బీరువాలోని కథల పుస్తకాలు ఆఖరి పనిదినాన పిల్లల చేతికివ్వాలి. చిరిగితే చిరుగుతాయి. చెదలు తినడం కంటే నయం.

ఇంట్లో చేయాల్సింది ప్రభుత్వం చేయదు. నీళ్లు మోసే పని, బిడ్డనెత్తుకునే పని కొడుక్కీ పంచాలి.

ఏప్రిల్‌లో బడి మూసేనాటికి ఊళ్లో ఎందరు ఆడపిల్లలు చదువుతున్నారో ప్రతి సంఘమూ పేరుపేరునా రాసిపెట్టుకోవాలి. జూన్‌లో బడి తెరిచిన రోజు ఆ కాగితం పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడాలి. రాని ప్రతి పిల్ల ఇంటికీ ఆ సాయంత్రమే వెళ్లాలి.