చిమ్నీ దగ్గరి మనిషికి ఏ పరీక్ష?

రామగుండం జ్యోతినగర్ ఎన్టీపీసీలో బాయిలర్ బాధ్యత చూసే ఇంజనీరుకు చట్టం గుర్తించిన సర్టిఫికెట్ ఉండాలి. ఆ బాయిలర్‌కు బొగ్గు పంపే సింగరేణి గనిలో సర్దార్‌గా చేరాలంటే గనుల భద్రతను చూసే డీజీఎంఎస్ పరీక్ష పాసవ్వాలి, గ్యాస్ టెస్టింగ్ సర్టిఫికెట్, ప్రథమ చికిత్స సర్టిఫికెట్ కూడా చూపించాలి. ఓవర్‌మన్‌కు ఇంకో పరీక్ష, మేనేజర్‌కు మరొకటి. ఇంత పట్టింపు ఉన్న ఈ బొగ్గు పట్టీలో, బాయిలర్ నుంచి బయటికొచ్చే పొగలోని బూడిదను పట్టి ఆపే ఈఎస్పీని షిఫ్టులో నడిపే వ్యక్తికి ఆ పనికంటూ ప్రత్యేక పరీక్ష ఏ చట్టమూ పెట్టలేదు. చిమ్నీకి బిగించిన పొగ మీటరు నిజం చెబుతోందో లేదో చూసే వ్యక్తికీ, ఓపెన్ కాస్ట్ గని (ఓసీపీ) హాల్ రోడ్డు మీద ఏ గంటకు నీళ్లు చల్లించాలో నిర్ణయించే వ్యక్తికీ అంతే. ప్రతి పరిశ్రమలో పర్యావరణ విభాగం ఉండాలని అనుమతి పత్రాల్లో రాస్తారు. రాత్రి రెండు గంటలకు ప్యానెల్ ముందు కూర్చునే మనిషి అర్హత మాత్రం ఆ పత్రాల్లో కనబడదు. గోడ లోపల ప్రమాదం జరగకుండా పరీక్షలు పెట్టుకున్నాం. గోడ అవతల గాలి పీల్చే గోదావరిఖని, ఎనిమిదో కాలనీ, కుందనపల్లి జనం కోసం ఒక్క పరీక్షా లేదు.

ఇక్కడ ఈ లోటు బరువెంతో లెక్క వేసి చూడవచ్చు. 1983లో మొదటి యూనిట్‌తో మొదలైన రామగుండం పాత ప్లాంటు సామర్థ్యం 2,600 మెగావాట్లు. పక్కనే 2023, 2024లలో జాతికి అంకితమైన తెలంగాణ ప్రాజెక్టులో 800 మెగావాట్ల యూనిట్లు రెండున్నాయి. మరో 2,400 మెగావాట్ల రెండో దశ ప్రతిపాదనలో ఉంది. ఒక్క చోటనే మూడు తరాల యంత్రాలు, మూడు రకాల హద్దులు. 2015 డిసెంబరులో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం 2003 చివరిలోపు వచ్చిన యూనిట్లకు ఘనపు మీటరు పొగలో 100 మిల్లీగ్రాముల ధూళి దాకా అనుమతి. 2004లో వచ్చిన ఏడో యూనిట్ వంటివాటికి 50, 2017 నుంచి వచ్చేవాటికి 30. ఇప్పుడు 500 మెగావాట్ల యూనిట్ ఒక్కదాన్నే తీసుకుందాం. పూర్తి లోడులో గంటకు సుమారు 300 టన్నుల బొగ్గు కాలుతుంది. బూడిద 35 శాతం అనుకుంటే 105 టన్నులు. అందులో ఐదింట నాలుగు వంతులు, అంటే దాదాపు 84 టన్నులు పొగతో పాటు ఎగిరే బూడిద. ఈఎస్పీ 99.9 శాతం పట్టుకుంటే చిమ్నీలోంచి పోయేది గంటకు 84 కిలోలు. 99.8 శాతమే పట్టుకుంటే 168 కిలోలు. కాగితం మీద దశాంశ బిందువు తర్వాత ఒక్క అంకె తేడా, ఊరి మీద పడే బూడిద రెట్టింపు.

ఆ ఒక్క అంకెను నిలబెట్టేది యంత్రం ఒక్కటే అనుకుంటే పొరపాటు. అధిక వోల్టేజీతో బూడిద రేణువులకు విద్యుదావేశం ఎక్కించి, ఇనుప పలకలకు అంటుకునేలా చేసి, ఆ పలకలను సుత్తులతో తట్టి (రాపింగ్) కింది హాపర్లలోకి రాల్చడం ఈఎస్పీ పని. మన బొగ్గులో బూడిద ఎక్కువ, గంధకం తక్కువ. గంధకం తక్కువైన బొగ్గు బూడిద కరెంటును సులువుగా పోనివ్వదు, అంటే దాని రెసిస్టివిటీ ఎక్కువ. పలక మీద పేరుకున్న పొర తన ఆవేశాన్ని వదలక, కొత్తగా వచ్చే రేణువులను దగ్గరికి రానివ్వదు. సుత్తులు మరీ తరచుగా తడితే రాలిన బూడిద మళ్లీ పొగలో కలుస్తుంది, అరుదుగా తడితే పొర మందమవుతుంది. హాపర్ ఖాళీ కాక నిండిపోతే ఆ పలకల వరుస (ఫీల్డు) మొత్తం ట్రిప్ అవుతుంది. రైలు రేక్ మారి వచ్చిన బొగ్గుకు నిన్నటి సెట్టింగు పనికిరాకపోవచ్చు. ఇవన్నీ కనిపెట్టి సరిదిద్దడం చదువూ చెయ్యీ కలిసిన నైపుణ్యం. సీనియర్ దగ్గర చూసి నేర్చుకున్నది కొంత దూరం నడిపిస్తుంది. ఎందుకు అలా చేస్తున్నామో తెలియకపోతే మాత్రం బొగ్గు మారిన రోజున ఆ నేర్పు ఆగిపోతుంది. ఓసీపీల సంగతీ, బూడిద చెరువుల సంగతీ అంతే. బొగ్గును సిద్ధం చేసే సీహెచ్‌పీ దగ్గర స్ప్రే ఏ స్థానంలో ఉండాలి, బొగ్గుపై మట్టి (ఓబీ) మోసే డంపర్ల దారిలో ఎన్ని నీళ్లు చాలు, ఎండాకాలం గాలికి చెరువులో ఎండిన బూడిద లేవకుండా పైన తడి ఎలా నిలపాలి అన్నవి గుత్తేదారు ట్యాంకర్ ట్రిప్పుల లెక్కతో తేలేవి కావు.

మరి నేర్పాల్సింది ఎవరు? 1981 నాటి వాయు కాలుష్య నివారణ చట్టం 17వ సెక్షన్ ఈ బాధ్యతను రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండళ్ల మీద పెట్టింది. కాలుష్య నివారణ పనుల్లో ఉన్నవారికీ, చేరబోయేవారికీ శిక్షణ ఏర్పాటు చేయడంలో కేంద్ర మండలితో కలిసి పనిచేయాలని అందులో స్పష్టంగా ఉంది. ఇందుకు తగ్గ సంస్థ కూడా మన దగ్గర ఉంది. స్వీడన్ సాయంతో 1992లో హైదరాబాద్ గచ్చిబౌలిలో పెట్టిన ఈపీటీఆర్‌ఐ పేరులోనే శిక్షణ అన్న మాట ఉంది. చిక్కంతా దూరంలో, తీరికలో, భాషలో ఉంది. రెండు వందల కిలోమీటర్లకు పైగా ఉన్న హైదరాబాద్‌కు ఐదు రోజుల శిక్షణ కోసం కంపెనీ ఓ డీజీఎంను పంపుతుంది. హాపర్ల కింద పనిచేసే కాంట్రాక్టు కార్మికుణ్ణి పంపదు, పంపినా అతనికి ఆ రోజుల మస్టర్ పడదు. దేశం మొత్తం మీద కాలుష్య మండళ్లలో మంజూరైన పోస్టుల్లో దాదాపు సగం ఖాళీగా ఉన్నాయని జాతీయ హరిత ట్రిబ్యునల్ ముందుకు వచ్చిన లెక్కలే చెబుతున్నాయి. తనిఖీకే మనుషులు చాలని మండలి ఊరూరా వచ్చి తరగతులు నడుపుతుందని ఆశించలేం. దూరవిద్య ఇక్కడ సౌకర్యం కోసం చేసే ఎంపిక కాదు, మిగిలిన ఒకే దారి.

పాఠాలకు కొరత లేదు. ఐఐటీల ఎన్‌పీటెల్‌లో వాయు కాలుష్యం, దాని నియంత్రణ మీద ఐఐటీ రూర్కీ ఆచార్యుడు చెప్పిన కోర్సు ఎవరైనా ఉచితంగా వినవచ్చు. ఇగ్నో పర్యావరణం మీద పీజీ డిప్లొమా ఇస్తోంది. ఢిల్లీలోని పర్యావరణ సంస్థ సీఎస్ఈ పొగ మీటర్ల నిర్వహణ మీద ఆన్‌లైన్ శిక్షణలు నడిపింది. ఇవి మంచివే. వీటిని ఎవరి కోసం తయారు చేశారన్నదే అసలు ప్రశ్న. ఇంగ్లిష్‌లో సాగే ఇంజనీరింగ్ పాఠం ఐటీఐ చదివిన ఫిట్టర్‌కు అందదు. అందినా పూర్తి చేస్తాడన్న నమ్మకం తక్కువ. హార్వర్డ్, ఎంఐటీల ఉచిత ఆన్‌లైన్ కోర్సుల్లో 2017–18లో చేరినవారిలో పూర్తి చేసినవారు నూటికి ముగ్గురు మాత్రమేనని 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. దూరవిద్య మీద పెట్టే డబ్బు బూడిదలో పోసిన పన్నీరని అనేవాళ్లకు ఇది గట్టి ఆధారమే. కానీ ఇదే బొగ్గు పట్టీలో మరో దృశ్యమూ ఉంది. షిఫ్టు దిగి వచ్చి, నిద్ర ఆపుకుని, సర్దార్ పరీక్షకూ ఓవర్‌మన్ పరీక్షకూ చదివేవాళ్లు గోదావరిఖని క్వార్టర్లలో దశాబ్దాలుగా ఉన్నారు. వాళ్ల ఓపిక వేరు మట్టితో చేసింది కాదు. ఆ కాగితం చేతికొస్తే హోదా మారుతుంది, జీతం మారుతుంది, అది లేకపోతే ఆ పనిలోకి చట్టం రానివ్వదు. పాఠం చివర అవసరం కాచుకుని ఉంటే కార్మికుడు చదువుతాడు. వాయు కాలుష్య కోర్సుల చివర ఇప్పుడు కాచుకుని ఉన్నది గోడకు తగిలించుకునే కాగితం మాత్రమే.

చేతిపనిని దూరం నుంచి ఎలా నేర్పుతారన్నది న్యాయమైన అభ్యంతరం. దూరవిద్యలో ఇంజనీరింగ్ డిగ్రీలు పంచిన కథ దేశానికి గుర్తుంది. ఏఐసీటీఈ అనుమతి లేకుండా డీమ్డ్ విశ్వవిద్యాలయాలు ఇచ్చిన అలాంటి డిగ్రీల మీద సుప్రీంకోర్టు 2017 నవంబరులో కొరడా ఝళిపించింది, అది సబబే. అందుకే ఇక్కడ డిగ్రీ ప్రసక్తి వద్దు. కావలసింది ఒక పనికి సంబంధించిన సామర్థ్య పత్రం. చదువు భాగం దూరం నుంచి, పరీక్ష భాగం యంత్రం పక్కన. అమెరికాలో ఈ పద్ధతి చాలా ఏళ్లుగా నడుస్తోంది. అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ (ఈపీఏ) వాయు కాలుష్య శిక్షణ సంస్థ పాఠాల్లో ఎవరికి వారు ఇంటి దగ్గర చదువుకునేవి చాలానే ఉన్నాయి. అదే ఈపీఏ, చిమ్నీ పొగ చిక్కదనాన్ని కంటితో అంచనా వేసే తనిఖీదారును మాత్రం మైదానంలో నిలబెడుతుంది. యంత్రం వదిలే 25 నల్ల పొగలు, 25 తెల్ల పొగలు చూసి అంకె చెప్పాలి. ఏ ఒక్క అంచనాలోనూ తప్పు 15 శాతం పాయింట్లు దాటకూడదు, సగటు తప్పు రెండు రంగుల్లోనూ ఏడున్నర మించకూడదు. పాసైనా ఆ అర్హత ఆరు నెలలే, మళ్లీ వచ్చి నిరూపించుకోవాలి. పుస్తకం ఎక్కడ చదివావని ఎవరూ అడగరు, కన్ను సరిగ్గా ఉందా అనే అడుగుతారు.

మనకు ఆ మైదానం వెతుక్కోవాల్సిన పని లేదు. 1966 నాటి నిబంధనల కింద సింగరేణి నడిపే వృత్తి శిక్షణ కేంద్రం గోదావరిఖనిలోనే ఉంది. సెంటినరీ కాలనీలో మంథని జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల ఉంది. ఆపి మరమ్మతు చేస్తున్న యూనిట్ ఈఎస్పీ కన్నా మంచి ప్రయోగశాల ఏ విశ్వవిద్యాలయంలోనూ దొరకదు. పాఠాలు రాయించడానికి 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయంగా పుట్టిన అంబేడ్కర్ యూనివర్సిటీ ఉంది. తెలుగులో పాఠ్యపుస్తకాలు రాయించడం, ఉద్యోగం చేసుకుంటూ చదివేవాళ్లకు ఆదివారాలు తరగతులు పెట్టడం దానికి నలభై ఏళ్ల అలవాటు. పాఠం తెలుగులో అంటే రెసిస్టివిటీకి సంస్కృత సమాసం కట్టమని కాదు. రాపింగ్, హాపర్, ఫీల్డు, ట్రిప్ అన్న మాటలు షిఫ్టులో ఎలా పలుకుతారో అలాగే ఉంచి, వాటి వెనక కారణాన్ని తెలుగు వాక్యంలో చెప్పాలి. ఉత్తరాది నుంచి వచ్చి కాంట్రాక్టు పనుల్లో ఉన్నవారికి హిందీ ప్రతి కూడా కావాలి.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం మరొకటి ఉంది. కాలుష్యం తెలియక జరగడం లేదు, తెలిసే జరుగుతోంది, దానికి శిక్షణ మందెలా అవుతుందని అడుగుతారు. ఈ వాదనను తేలిగ్గా తీసిపారేయలేం. గంధక వాయువుల హద్దులు 2015లో పెట్టి, గడువులు ఒకదాని తర్వాత ఒకటి జరుపుకుంటూ వచ్చి, 2025 జూలైలో పెద్ద నగరాలకు దూరంగా ఉన్న మెజారిటీ ప్లాంట్లకు పొగలోని గంధకాన్ని తొలగించే ఎఫ్‌జీడీ తప్పనిసరి కాదని కేంద్రమే తేల్చింది. ఆ నిర్ణయం ఆపరేటర్ అజ్ఞానం వల్ల రాలేదు. రెండు సంగతులు మాత్రం విడివిడిగా చూడాలి. ధూళి హద్దులు అలాగే నిలిచి ఉన్నాయి, ఎఫ్‌జీడీ లేని చోట ఈఎస్పీ మీద ఆధారపడటం ఇంకా పెరుగుతుంది. పైగా సామర్థ్య పత్రం జ్ఞానంతో పాటు బాధ్యతనూ తెస్తుంది. గనిలో గ్యాస్ ఉందని సర్దార్ రాస్తే అక్కడినుంచి మనుషులను తప్పించాల్సిందే. ఉత్పత్తి టార్గెట్ ఎంతున్నా ఆ రాత విలువ తగ్గదు, ఎందుకంటే తప్పుడు రాతకు పోయేది అతని సర్టిఫికెట్. రెండు ఫీల్డులు పనిచేయడం లేదు, లోడు తగ్గించాలి అని రాసే అధికారం ఈఎస్పీ దగ్గరి మనిషికి ఇవాళ లేదు. రాసినా అది కంపెనీ లోపలి కాగితం. 2014లో కేంద్ర మండలి పదిహేడు రకాల పరిశ్రమలకు ఆన్‌లైన్ పొగ మీటర్లు తప్పనిసరి చేసింది. మీటరు పంపే అంకెల కింద వాటిని సరిచూసిన అర్హుడి సంతకం ఉండాలన్న నియమం కూడా ఉండి ఉంటే, ఆ అంకెలను జనం ఇంకాస్త నమ్మేవారు.

చట్ట సవరణ దాకా ఆగనక్కర్లేదు. పరిశ్రమ నడిపే అనుమతికి షరతులు పెట్టే అధికారం వాయు చట్టం 21వ సెక్షన్ కింద రాష్ట్ర మండలికి ఇప్పటికే ఉంది. ఫలానా తేదీ తర్వాత ప్రతి షిఫ్టులో అర్హత పొందిన నియంత్రణ ఆపరేటర్ ఒకరు ఉండాలి, కాంట్రాక్టు సిబ్బందికీ ఇది వర్తిస్తుంది, పరీక్ష రోజు పనిరోజుగానే లెక్క అని మూడు వాక్యాలు చేర్చితే చాలు. ఖర్చు గురించి యాజమాన్యాలు గొణగవచ్చు. 800 మెగావాట్ల యూనిట్ కట్టిన సంస్థకు ఇది చిల్లర. ఎరువుల కర్మాగారం ఆర్‌ఎఫ్‌సీఎల్ కాంట్రాక్టర్లకూ, బసంత్‌నగర్ చుట్టుపక్కల చిన్న క్రషర్లకూ మాత్రం ఇది నిజమైన భారం. వాటి వంతు జిల్లా ఖనిజ నిధి నుంచి ఇవ్వవచ్చు. గని తవ్వకం వల్ల దెబ్బతిన్న ప్రాంతాల కోసం పెట్టిన ఆ నిధి ప్రాధాన్యాల్లో కాలుష్య నియంత్రణ, నైపుణ్య శిక్షణ రెండూ ఉన్నాయి. పెద్దపల్లి జిల్లాకు ఆ నిధి సమకూరేది ఎక్కువగా ఈ బొగ్గు మీదే. మొదలు ఎక్కడి నుంచి అంటే, కాలుష్య మండలి రామగుండం ప్రాంతీయ కార్యాలయం నుంచే. ఆ కార్యాలయంలోని ఇంజనీర్లూ అదే పరీక్ష రాయాలి. తనిఖీకి వచ్చినవాడికి ప్యానెల్ ముందున్నవాడి కన్నా తక్కువ తెలిస్తే, పత్రం ఎవరి దగ్గరున్నా చిమ్నీ లెక్క కంపెనీ చెప్పిందే అవుతుంది.