స్పానర్ మనదే, ల్యాప్‌టాప్ ఎవరిది?

కారంచేడు హాస్టల్లో చదువుకుని, ఐ.టి.ఐ.లో మోటారు మెకానిక్ ట్రేడు పూర్తిచేసి చీరాల వైపు షెడ్లలో చేరినవాళ్ళం మేము. మెకానిక్ పని అంటే చేతులకు గ్రీజు అంటడమే అనుకునేవాళ్ళం. ఇప్పుడు షెడ్డుకొచ్చే ప్రతి కారులోనూ ఇ.సి.యు. అనే చిన్న కంప్యూటర్ ఉంటోంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.6 నిబంధనలు వచ్చాక చాలా మోటారు సైకిళ్ళలో కూడా కార్బురేటర్ పోయి ఇంజెక్టర్ వచ్చింది. పని మారింది గానీ పని పంపకం మారలేదు. స్పానర్ పట్టేది మనవాళ్ళు, ల్యాప్‌టాప్ ముందు కూర్చునేది ఇంకొకరు. జీతంలో తేడా వచ్చేది అక్కడే. ఈ పంపకాన్ని మేము ఒప్పుకోము.

ఆ మధ్య ఒక కారు వచ్చింది. పాత ఇంజెక్టర్లు పాడైతే వేరే రకం వేయించి, ఇ.సి.యు. సెట్టింగులు ఎక్కడో మార్పించారు. పగలు బాగానే పోతుంది. రాత్రి హెడ్‌లైట్లు, ఏ.సి. వేసి ఎక్కడైనా ఆపితే ఇంజన్ వణికి ఆగిపోతుంది. సెట్టింగ్ చేసినాయన "అన్నిచోట్లా పెట్రోల్ పెంచేస్తే సరి" అని 20 శాతం పెంచేశాడు. వణుకు తగ్గింది. కానీ గట్టిగా తొక్కితే నల్లటి పొగ, ప్లగ్గులకు మసి. బండి పెట్రోల్ తాగడం మొదలుపెట్టింది.

తప్పు 'డెడ్ టైమ్' అనే పట్టికలో ఉంది. దాన్ని ఎవరూ తెరిచి చూడరు. ఇంజెక్టర్ అంటే కరెంటుతో తెరుచుకునే చిన్న కుళాయి. కరెంటు ఇచ్చిన వెంటనే అది తెరుచుకోదు, లోపలి సూది లేవడానికి కాస్త సమయం పడుతుంది. ఆ కాసేపు పెట్రోల్ పడదు. బ్యాటరీ వోల్టేజీ తగ్గేకొద్దీ ఆ ఆలస్యం పెరుగుతుంది. అందుకే ఆ పట్టికలో ఒక్కో వోల్టేజీకి ఒక్కో అంకె ఉండాలి.

తమ్ముళ్ళూ, ఇది మీ లెక్కల పుస్తకంలో ఉన్న శాతాల లెక్కే. ఆలస్యం 1 మిల్లీసెకను, అంటే సెకనులో వెయ్యో వంతు అనుకుందాం. ఐడ్లింగ్‌లో ఇంజెక్టర్‌కు 2.5 మిల్లీసెకన్లు కరెంటు అందితే పెట్రోల్ పడేది 1.5 మాత్రమే. లైట్లు వేయగానే వోల్టేజీ పడి ఆలస్యం 1.3 అయింది, పట్టికలో మాత్రం 1 అనే ఉంది. కొరత 0.3. అంటే 1.5లో 20 శాతం! అదే గట్టిగా తొక్కినప్పుడు 12 మిల్లీసెకన్లు కరెంటు అందితే 11 పాటు పెట్రోల్ పడాలి. అందులో 0.3 అంటే 3 శాతం లోపే. ఇది కూడికలో వచ్చిన తప్పు. ఆయన దాన్ని గుణకారంతో దిద్దబోయాడు. ఐడ్లింగ్‌లో సరిపోయిన 20 శాతం మిగతా అన్నిచోట్లా ఎక్కువైపోయింది.

గుణకారపు తప్పులూ ఉంటాయి. 1 కిలో పెట్రోల్ మండడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ పోస్తే అదే గాలికి ఇంధనం ఎక్కువ కావాలి. ఆ తేడా ఐడ్లింగ్‌లోనూ, రోడ్డు మీదా దాదాపు ఒకే శాతంలో కనబడుతుంది. స్కానర్ పెట్టి ఫ్యూయల్ ట్రిమ్ చూస్తే ఏ రకం తప్పో తెలుస్తుంది. అన్నిచోట్లా ఒకేలా ఉంటే ఇంధనమో, పెట్రోల్ ప్రెషరో, ఇంజెక్టర్ సైజు అంకో చూడాలి. ఐడ్లింగ్‌లోనే ఎక్కువగా ఉంటే ముందు గాలి ఎక్కడన్నా లీకవుతోందేమో చూడాలి. లీకు లేకుండా, లైట్లు వేసినప్పుడే తేడా పెరుగుతుంటే అప్పుడు డెడ్ టైమ్.

ఎవరి ఫైలో కాపీ చేసుకుని ఎక్కించేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళను చూసి అదేదో మంత్రం అనుకోకండి. ఆ పేర్లన్నీ ఇంగ్లీషులో ఉండడమే మనల్ని భయపెడుతోంది, లెక్క కాదు. రోడ్డు మీద తిరిగే బండిలో కంపెనీ సెట్టింగులు ఇష్టమొచ్చినట్టు మార్చడం మంచిది కాదు, అదీ చెప్పాలి. కానీ మార్చకపోయినా అర్థం తెలియాలి. తెలియకపోతే బాగున్న ఇంజెక్టర్లనే పీకి కొత్తవి వేయించి, ఓనరు చేత డబ్బు వృథా చేయిస్తాం. మేమూ మొదట్లో అలా చేశాం.

హాస్టల్ లైబ్రరీలో పోటీ పరీక్షల గైడ్ల పక్కన ఈ విషయం మీద తెలుగులో ఒక్క పుస్తకమైనా పెట్టమని వార్డెన్‌ గారిని కోరుతున్నాం. దొరక్కపోతే మేమే ఒక నోటు పుస్తకం రాసి ఇస్తాం. ఈ సంక్రాంతి సెలవుల్లో హాస్టల్‌కు ఒక పాత ఇంజెక్టరు, 12 వోల్టుల బ్యాటరీ తెస్తాం. కరెంటు ఇస్తే అది టిక్కుమంటుంది. ముందు ఆ చప్పుడు వినండి, లెక్క తర్వాత చేద్దాం.