ఒండ్రుకు మొహం వాచిన రాష్ట్రం

ఊళ్ల పేర్లు మార్చడం మనకు కొత్తేం కాదు. కానీ, ‘అసలు ఆ చోటే లేదు, ఇంక పేరెందుకు’ అంటూ ప్రభుత్వమే కొట్టేయడం ఎప్పుడైనా విన్నారా? అమెరికాలో ఓడలు నడిపేవాళ్ల కోసం సముద్ర పటాలు గీసే శాఖ ఒకటుంది. 2013 నాటికి అది లూసియానా రాష్ట్రంలోని ప్లాకమిన్స్ అనే ఒక్క ప్రాంతంలోనే 30 వరకూ పేర్లను పటంలోంచి తీసేసింది. ఎల్లో కాటన్ బే, ఇంగ్లిష్ బే... ఇలా చాలావరకు చిన్న చిన్న అఖాతాల పేర్లు. అఖాతం అనాలంటే చుట్టూ ఎంతోకొంత నేల ఉండాలి కదా. ఆ నేల కాస్తా కరిగిపోయింది. మిగిలిందంతా ఒకటే సముద్రం.

ఈ వారం మనం వెళ్తున్నది ఆ లూసియానాకే.

అమెరికా పటంలో కిందివైపు, గల్ఫ్ ఆఫ్ మెక్సికో ఒడ్డున బూటు ఆకారంలో కనిపిస్తుంది ఈ రాష్ట్రం. బూటు ముందుభాగం మాత్రం ఎవరో కొరికినట్టు చింపులు చింపులుగా ఉంటుంది. విస్తీర్ణం సుమారు 1.35 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే మన ఆంధ్రప్రదేశ్ కన్నా కాస్త చిన్నది. జనాభా 2020 లెక్కల ప్రకారం 46.6 లక్షలు. రాజధాని బేటన్ రూజ్. ఫ్రెంచి భాషలో ఆ మాటకు ‘ఎర్ర కర్ర’ అని అర్థం. 1699లో అటుగా వచ్చిన ఫ్రెంచివాళ్లకు స్థానిక తెగల వేటహద్దుకు గుర్తుగా పాతిన ఎర్రటి గుంజ ఒకటి కనిపించింది. ఊరికి అదే పేరైంది.

దక్షిణ లూసియానాలో చాలా భాగాన్ని తయారుచేసింది మిసిసిపి నది. ఉత్తరాన మిన్నెసోటాలో పుట్టి, 3,700 కిలోమీటర్లు ప్రవహించి, దారిలో 31 రాష్ట్రాల నీళ్లనూ మట్టినీ మోసుకుని ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. ఏటా వరదొచ్చి ఒడ్డు పొర్లినప్పుడు ఒక పొర ఒండ్రు పరిచి పోయేది. వెయ్యేళ్లకో పర్యాయం పాత దారి పూడుకుపోతే పక్కకు తిరిగి కొత్త దారి చూసుకునేది. తోటలో నీళ్లు పెట్టేవాడు గొట్టాన్ని అటూ ఇటూ తిప్పినట్టు, ఏడు వేల ఏళ్లపాటు అలా తిరిగి తిరిగి డెల్టాను కట్టింది. గోదావరి, కృష్ణా తీరాలవాళ్లకు ఇంతకన్నా విడమరచి చెప్పక్కర్లేదు.

ఈ నేలమీద మొదట కన్నేసింది ఫ్రాన్స్. 1682లో లాసాల్ అనే అన్వేషకుడు నది పొడవునా దిగివచ్చి, ఈ పరీవాహక ప్రాంతమంతా తమదేనని ప్రకటించి, తన రాజు 14వ లూయీ పేరు పెట్టేశాడు. 1718లో న్యూ ఆర్లిన్స్ నగరం వెలిసింది. తర్వాత కొంతకాలం స్పెయిన్ చేతిలోకి వెళ్లి, మళ్లీ ఫ్రాన్స్ చేతికొచ్చింది. అప్పుడు జరిగింది అసలైన బేరం. అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్ న్యూ ఆర్లిన్స్, దాని చుట్టుపక్కల ప్రాంతం కొంటే చాలనుకుని పారిస్‌కు మనుషుల్ని పంపాడు. అప్పటికే హైతీలో బానిసలు తిరగబడి నెపోలియన్ సైన్యాన్ని చావుదెబ్బ తీశారు. బ్రిటన్‌తో మరో యుద్ధం ముంచుకొస్తోంది. ఇక అమెరికా ఖండంలో ఈ బీడు నాకెందుకనుకున్నాడేమో, ‘మొత్తం తీసుకోండి’ అన్నాడు నెపోలియన్. ఊరు కొనడానికి వెళ్లినవాళ్లు 1803లో కోటిన్నర డాలర్లకు దేశం వైశాల్యాన్ని రెట్టింపు చేసుకుని వచ్చారు. ఎకరా మూడు నాలుగు సెంట్లు పడింది. ఆ నేలమీద అప్పటికే బతుకుతున్న తెగలను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. బానిసల తిరుగుబాటు పుణ్యాన దొరికిన నేలలో మళ్లీ బానిసలతోనే చెరకు తోటలు పెంచడం మరో విడ్డూరం! 1860లో ఇక్కడి 7 లక్షల జనాభాలో 3.3 లక్షల మంది బానిసలే. దేశంలో అతిపెద్ద బానిసల సంత న్యూ ఆర్లిన్స్‌లో ఉండేది.

ఫ్రెంచి వాసన ఇప్పటికీ పోలేదు. మిగతా రాష్ట్రాల్లో దాదాపు అంతటా జిల్లాలను కౌంటీలంటే, ఇక్కడ చర్చి పరిధిని సూచించే పాతమాట ‘పారిష్’ అంటారు. అలాంటివి 64 ఉన్నాయి. ఆస్తి పంపకాలూ ఒప్పందాల చట్టాలకు మూలం కూడా ఇంగ్లిష్ పద్ధతి కాదు, ఫ్రెంచి, స్పానిష్ పద్ధతులు. 1755లో బ్రిటిష్‌వాళ్లు కెనడా నుంచి వెళ్లగొట్టిన ఫ్రెంచి రైతుల్లో చాలామంది తర్వాత ఇక్కడి చిత్తడి నేలల్లో స్థిరపడ్డారు. వాళ్ల సంతతే కేజన్లు. బెండకాయ, రొయ్యలు వేసి చిక్కగా కాచి అన్నంలో పోసుకు తినే ‘గంబో’ ఈ రాష్ట్రపు ఇంటి వంట. ఆ పేరు కూడా పశ్చిమ ఆఫ్రికాలో బెండకాయకున్న పేరు నుంచే వచ్చిందంటారు. బెండకాయతో రొయ్యలు మనకు తెలిసిన రుచే కాబట్టి, ఆ ఊరెళ్లిన తెలుగువాళ్లకు తిండి ఇబ్బంది ఉండదు.

ఇంత చరిత్ర ఉన్న నేల ఎందుకు కరుగుతోంది? తెలుసుకోవాలంటే 1927కి వెళ్లాలి. న్యూ ఆర్లిన్స్ కట్టిన నాటి నుంచీ వరదకు జనం చేసిన వైద్యం ఒక్కటే: గట్టు పోయడం. నది పెరిగితే గట్టు పెంచడం. 1927 వసంతంలో ఆ గట్లు వరసపెట్టి తెగాయి. ఎగువ రాష్ట్రాలు కలుపుకుని 6 లక్షల మందికి పైగా నిలువనీడ కోల్పోయారు. న్యూ ఆర్లిన్స్ మునుగుతుందని బ్యాంకర్లు, వ్యాపారులు హడలిపోయి ప్రభుత్వాన్ని ఒప్పించారు. ఏప్రిల్ 29న నగరానికి దిగువన కార్నార్వన్ దగ్గర డైనమైట్ పెట్టి గట్టు పేల్చేశారు. సెయింట్ బెర్నార్డ్, ప్లాకమిన్స్ పారిష్‌లు మునిగాయి. వేటా, చేపలూ, కూరగాయలతో బతికే వేలాదిమంది కొంపాగోడూ పోగొట్టుకున్నారు. నష్టపరిహారం కడతామన్న పెద్దలు తర్వాత చాలామందికి విదిల్చింది నామమాత్రం. ఎగువన చాలాచోట్ల గట్లు వాటంతటవే తెగడంతో, పేల్చకపోయినా నగరం బతికేదని తర్వాత తేలింది. అక్కడివాళ్లు ఈ సంగతి నేటికీ మరచిపోలేదు. ప్లాకమిన్స్ పేరు మీరూ గుర్తుంచుకోండి.

ఆ వరద తర్వాత 1928లో కేంద్రం చట్టం చేసి, సైన్యానికి చెందిన ఇంజినీర్ల చేత నదిని కట్టుదిట్టంగా బంధించింది. నిజం చెప్పాలంటే అది గొప్ప పనే. నది మళ్లీ దారి మార్చి, పడమరనున్న అచఫలాయాలోకి దూకకుండా 1963లో పెద్ద తలుపులు కట్టారు. నీళ్లలో 30 శాతమే అటు వెళ్లాలని లెక్క కూడా పెట్టారు. 1973 వరదలో ఆ కట్టడం పునాది కింద మట్టి కోసుకుపోయి, కొట్టుకుపోయేదే కొద్దిలో తప్పింది. నది ఒక చోట నిలబడింది గనకే ఒడ్డున రేవులు, రిఫైనరీలు, ఎరువుల ఫ్యాక్టరీలు లేచాయి. అమెరికా ఎగుమతి చేసే ధాన్యంలో సగానికి పైగా ఈ నది దిగువ రేవుల నుంచే ఓడలెక్కుతుంది.

కానీ గట్టు నీటిని ఆపితే మట్టినీ ఆపినట్టే కదా! డెల్టా మట్టి స్వభావమే కుంగడం. ఏటా పైన కొత్త పొర పడితేనే సముద్రం కన్నా ఎత్తున నిలుస్తుంది. ఆ పొర పడటం మానేసింది. పైగా ఎగువన మిస్సోరి నదిమీద కట్టిన పెద్ద పెద్ద డ్యాములు సగం మట్టిని అక్కడే పట్టేసుకున్నాయి. మిగిలినదాన్ని గట్లు గొట్టంలా తీసుకెళ్లి లోతు సముద్రంలో పారబోస్తున్నాయి. మన డెల్టాలకూ ఈ జబ్బు సోకింది. ప్రపంచంలో కుంగుతున్న డెల్టాల మీద 2009లో వచ్చిన అధ్యయనంలో కృష్ణా, గోదావరి రెండింటి పేర్లూ ఉన్నాయి.

దీనికి తోడు చమురు. జెనింగ్స్ దగ్గర 1901లో తొలి బావి పడింది. 1947లో తీరం కనుచూపు దాటిన చోట సముద్రంలో బావి తవ్వి నూనె తీయడం కూడా ఇక్కడే మొదలైంది. బావుల దగ్గరికి పడవలు వెళ్లడానికి, పైపులు వేయడానికి చిత్తడి గడ్డిభూముల్ని కోసి వేల మైళ్ల కాలువలు తవ్వారు. ఆ కాలువల వెంట ఉప్పునీళ్లు లోపలికొచ్చి గడ్డినీ, సైప్రస్ చెట్లనీ చంపాయి. వేరు చచ్చాక మట్టిని పట్టుకునేదెవరు? 1932 నుంచి 2016 వరకు లూసియానా పోగొట్టుకున్న నేల దాదాపు 4,800 చదరపు కిలోమీటర్లు. మన గోవా రాష్ట్రం మొత్తం 3,700 మాత్రమే!

నూనె, గ్యాస్ ఈ రాష్ట్రానికి డబ్బు తెచ్చిన మాట నిజం. అమెరికా అంతటా సహజవాయువు ధరకు కొలబద్ద ‘హెన్రీ హబ్’ ఇక్కడి ఒక పైప్‌లైన్ల కూడలి. సబీన్ పాస్ రేవు నుంచి బయల్దేరిన గ్యాస్ ఓడ 2018 మార్చిలో మన గెయిల్ సంస్థ కోసం దభోల్ చేరింది. అయినా పేదరికంలో దేశం మొత్తంమీద అట్టడుగున ఉండే రెండు మూడు రాష్ట్రాల్లో లూసియానా ఒకటి. బేటన్ రూజ్ నుంచి న్యూ ఆర్లిన్స్ దాకా నది వెంట ఉన్న రసాయన ఫ్యాక్టరీల వరసను జనం ‘క్యాన్సర్ సందు’ అని పిలుస్తారు. అక్కడ పొగ పీలుస్తున్నవాళ్లలో ఎక్కువమంది ఆనాటి చెరకు తోటల బానిసల వారసులే.

పొలాల సంగతి మాత్రం ముచ్చటగా ఉంటుంది. వరి కోశాక అదే మడిలో మళ్లీ నీళ్లు పెట్టి ‘క్రాఫిష్’ అనే మంచినీటి రొయ్యలాంటి జీవిని పెంచుతారు. ఏవరీ ఐలండ్ అనే ఉప్పుదిబ్బ మీద 1868 నుంచీ టబాస్కో సాస్ చేస్తున్నారు. ఎర్ర మిరపపళ్లు నూరి, ఉప్పు కలిపి, చెక్క పీపాల్లో మూడేళ్ల వరకూ ఊరబెడతారు. కొరివికారం జాడీ తెలిసిన మనకు ఇందులో వింతేముంది, ఆ ఓపిక తప్ప!

2005 ఆగస్టు 29న కత్రినా తుపాను వచ్చినప్పుడు ఈ నేల నష్టం లోకానికి తెలిసింది. తుపాను ఉప్పెనకు అడ్డం పడే గడ్డిభూములు అప్పటికే పలచబడ్డాయి. నగరం గోడలు కూలాయి. కట్టడంలోనే లోపాలున్నాయని ఇంజినీర్లే తర్వాత ఒప్పుకున్నారు. న్యూ ఆర్లిన్స్‌లో 80 శాతం మునిగింది. 2000లో 4.84 లక్షలున్న నగర జనాభా 2020కి కూడా 3.84 లక్షలే.

గోడలున్న నగరం గతే అదైతే, గోడల బయట ఉన్నవాళ్ల మాటేమిటి? ఐల్ డి జాన్ చార్లెస్ అనే లంక ఒకటుంది. స్థానిక తెగల కుటుంబాలు తరతరాలుగా చేపలు పట్టుకుని బతికిన చోటు. 1955 నుంచి లెక్కేస్తే ఆ లంక 98 శాతం సముద్రంలో కలిసింది. ఊరికున్న ఒకే ఒక్క రోడ్డు గాలి తిరిగితే మునిగేది. 2016లో కేంద్రం 4.8 కోట్ల డాలర్లిచ్చి ఊరిని తరలించమంది. ఉత్తరాన 60 కిలోమీటర్లకు పైగా దూరంలో ఒక చెరకు పొలంలో కట్టిన ఇళ్లలోకి 2022లో కుటుంబాలు మారాయి. కొందరు మాత్రం కదల్లేదు.

మరి మందే లేదా? ఉంది. 1940ల్లో వరద తగ్గించడానికి అచఫలాయా నుంచి ‘వాక్స్ లేక్’ దగ్గర ఒక కాలువ తవ్వారు. నేల పుట్టించాలని ఎవరూ అనుకోలేదు. కానీ 1973 వరద తర్వాత దాని చివర కొత్త దిబ్బలు తేలాయి. ఏడాదికేడాది పెరుగుతూ చెట్లు మొలిచాయి. నదికి దారిస్తే పాతపని మరచిపోలేదన్నమాట. అదే సూత్రం మీద ప్లాకమిన్స్‌లో మిసిసిపి గట్టుకు తలుపులు పెట్టి, ఒండ్రునీటిని బరటారియా చిత్తడిలోకి వదలాలని దాదాపు 300 కోట్ల డాలర్ల పథకం వేశారు. 2010లో బీపీ కంపెనీ బావి పేలి, 11 మంది చనిపోయి, సముద్రమంతా నూనె పరుచుకున్న ప్రమాదం తాలూకు పరిహారమే దానికి పెట్టుబడి. 2023 ఆగస్టులో పని మొదలైంది.

ప్లాకమిన్స్ అడ్డం తిరిగింది. మంచినీళ్లొస్తే ఆల్చిప్పలు చస్తాయి, రొయ్యలు పారిపోతాయి అన్నారు జాలర్లు. ఆ భయం ఉత్తిది కాదు, ప్రభుత్వ నివేదికలే ఒప్పుకున్నాయి. పైగా అప్పటికే వాళ్ల నడ్డి విరిగి ఉంది. అందులో మన వాటా కూడా ఉంది! భీమవరం, నెల్లూరు చెరువుల్లో పెరిగిన రొయ్యకు చాలా ఏళ్లుగా పెద్ద గిరాకీ అమెరికాలోనే. ఆ ధరకు లూసియానా పడవ పోటీ పడలేదు. వాళ్ల మొర మీదే 2005లో భారత్ సహా కొన్ని దేశాల రొయ్యలపై అదనపు సుంకం పడింది. వడ్డించేది విదేశీ రొయ్య అయితే ఆ సంగతి చెప్పాలని హోటళ్లకు 2019లో రాష్ట్రం చట్టం చేసింది. 2025 ఆగస్టులో భారత సరుకుపై సుంకం 50 శాతానికి చేరి మన రైతుకు గుండె గుభేలుమన్నప్పుడు అక్కడి జాలర్లు సంతోషించారు. రెండు చోట్లా అప్పు చేసి రొయ్యను నమ్ముకున్నవాళ్లే. ఎవరిని తప్పుపడతాం?

చివరికి ఖర్చు పెరిగిపోయిందని, జాలర్ల బతుకు పోతుందని చెప్పి 2025 జులైలో రాష్ట్ర ప్రభుత్వం ఆ పథకాన్ని రద్దు చేసింది. అప్పటికే 50 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది. 1927లో ఊరిని ముంచి నగరాన్ని కాపాడినవాళ్ల మాట మళ్లీ నమ్మమంటే ప్లాకమిన్స్ నమ్మకపోవడంలో ఆశ్చర్యం లేదు. అయితే రొయ్యపిల్ల పెరిగేది ఆ చిత్తడి గడ్డి మొదళ్లలోనే, ఆ గడ్డికి కావాల్సింది ఒండ్రు. రద్దు వార్త విని పడవలవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. అంతకన్నా చిన్న కాలువతో సరిపెడతామంది ప్రభుత్వం. ఏళ్ల తరబడి లెక్కలు కట్టిన ఇంజినీర్లు మళ్లీ మొదటి పేజీ తెరవాల్సి వచ్చింది.