బాడుగకు దిగి చూడు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అని పెద్దలు ఊరికే అనలేదు. ఇప్పుడు దానికి మూడోది కలపాలి: వైట్‌ఫీల్డ్‌లో బాడుగకు దిగి చూడు. కోస్తావాళ్లు అద్దె అంటారు, తెలంగాణలో కిరాయి అంటారు, మన సీమలో బాడుగ అంటాం, కన్నడంలో బాడిగె. రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి చేరే ఊరే. మాట పెద్దగా మారదు, కట్టే డబ్బు మాత్రం పూర్తిగా మారిపోతుంది.

ఇది మనకెందుకు అంటారా? డిగ్రీ అయ్యాక మన సీనియర్లలో చాలామంది వెళ్లేది బెంగళూరే. రేపు మనమూ అంతే. అందుకే ఈసారి గోడపత్రికకు కవిత రాయకుండా లెక్కలు రాస్తున్నాను. మేడమ్‌లు మన్నించాలి.

వైట్‌ఫీల్డ్ మొదట్లో పల్లె. 1882లో మైసూరు మహారాజు చామరాజ వడయార్ ఇచ్చిన సుమారు 3,900 ఎకరాల్లో, ఆంగ్లో ఇండియన్లు సేద్యం చేసుకుని బతకాలని వెలిసిన ఊరు. వాళ్ల నాయకుడు డి.ఎస్. వైట్ పేరే ఊరికి వచ్చింది. పక్కనే కాడుగోడిలో సత్యసాయి ఆశ్రమం ఉండడంతో పుట్టపర్తి వైపువాళ్లకు ఆ ఊరు ముందునుంచీ తెలుసు. 1990ల చివర ఐటీపీఎల్ వచ్చాక పొలాలు ఆఫీసులయ్యాయి. 2007లో మహదేవపుర, దాని చుట్టుపక్కల ఊళ్లు బీబీఎంపీలో కలిశాయి. 2023లో మెట్రో వచ్చింది. ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా బాడుగ ఒక మెట్టు ఎక్కింది.

మా మామ 2001లో కదిరి నుంచి వెళ్లి కాడుగోడిలో ఒక గది, వంటిల్లు ఉన్న పోర్షన్‌లో దిగాడు. నెలకు 1,500. క్యాబ్ డ్రైవరుగా అప్పట్లో ఆయన జీతం 4,000. ఇప్పుడు అదే పోర్షన్‌కు 16,000 అడుగుతున్నారు. మామ ఎప్పుడో హోస్‌కోటె వైపు మారిపోయాడు. ఇప్పుడాయనకు వచ్చేది 25,000.

"అన్నిటి ధరలూ పెరిగాయి, బాడుగ పెరగదా?" అని ఇంటి ఓనర్లు అంటారు. సరే, చూద్దాం. పారిశ్రామిక కార్మికుల ధరల సూచీ 2001లో 100 అనుకుంటే 2024 నాటికి 400 దాటింది. అంటే ధరలు నాలుగు రెట్లు. ఆ లెక్కన మామ పోర్షన్ 6,000 దగ్గర ఉండాలి. జీతం ఆరు రెట్లయింది. బాడుగ మాత్రం పది రెట్లు దాటింది. గోడలు అవే, గది అదే. కాబట్టి ఇందులో ద్రవ్యోల్బణం వాటా కొంతే. మిగిలినదంతా ఆ నేల పక్కన ఉద్యోగాలు వచ్చి పడినందుకు. ఆ ఉద్యోగాలు చేసేది మనమే, వాటివల్ల పెరిగిన బాడుగ కట్టేదీ మనమే!

ఇంకో సంగతి. వార్తల్లో చెప్పే ద్రవ్యోల్బణం అందరికీ ఒకటి కాదు. 2012 ఆధారంగా వేసిన వినియోగదారుల ధరల సూచీలో ఇంటికి ఇచ్చిన వాటా దేశం మొత్తానికి 10.07 శాతం, పట్టణాలకు విడిగా 21.67 శాతం. కొత్తగా ఉద్యోగంలో చేరి 22,000 జీతంలో 9,000 పీజీకి కట్టే అమ్మాయికి అది 40 శాతం. టీవీలో "ధరలు అదుపులో ఉన్నాయి" అని వినిపించిన రోజే ఆమె బాడుగ పెరిగి ఉండొచ్చు. రెండూ నిజాలే.

పెంపు ఎలా జరుగుతుందో చూడండి. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి అగ్రిమెంటు పదకొండు నెలలకే రాస్తారు. ప్రతిసారీ ఐదు శాతమో పదో కలుపుతారు. ఏటా ఐదు శాతమైతే పదేళ్లకు వెయ్యి రూపాయలు 1,629 అవుతాయి. పది శాతమైతే 2,594! శాతంలో తేడా ఐదే కదా అనుకుని సంతకం పెట్టకూడదు.

అన్నిటికన్నా నాకు అన్యాయం అనిపించేది అడ్వాన్స్. బెంగళూరులో పది నెలల బాడుగ అడ్వాన్స్‌గా అడగడం పాత అలవాటు. ఇప్పుడు కొందరు ఐదారు నెలలకు ఒప్పుకుంటున్నారు. దీనికి వడ్డీ ఉండదు. రెండు లక్షలు ఇచ్చి ఆరేళ్లు ఉన్నారనుకోండి. ధరలు ఏటా ఆరు శాతం పెరిగితే తిరిగి వచ్చే రెండు లక్షలతో కొనగలిగేది ఇచ్చినరోజు లెక్కలో లక్షా నలభై వేల సరుకే. పైగా రంగుల ఖర్చని ఒక నెల బాడుగ పట్టుకుంటారు. ఇల్లు లేనివాడు ఇల్లున్నవాడికి వడ్డీలేని అప్పు ఇస్తున్నాడన్నమాట. బ్యాంకు అప్పుతో ఇల్లు కొన్నవాళ్లకు ద్రవ్యోల్బణం మేలే చేస్తుంది, జీతం పెరిగేకొద్దీ కంతు తేలికవుతుంది. బాడుగవాళ్లకు అదే ద్రవ్యోల్బణం రెండువైపులా కోత.

ఓనర్ల వైపు న్యాయం లేదని అనను. పింఛను లేని ముసలివాళ్లు బాడుగ మీదే బతుకుతున్నారు. బోర్లు ఎండి 2024 ఎండాకాలంలో ట్యాంకర్లకు ఎంత పోశారో అందరూ చూశారు. అదే ఏడాది అక్టోబరులో ఆ 110 పల్లెలకు కావేరి ఐదో దశ నీళ్లు మొదలయ్యాయి. ఖర్చు పెరిగితే బాడుగ పెంచుకోనీ. వడ్డీలేని అడ్వాన్స్‌కు మాత్రం ఆ సాకు చెల్లదు.

అబ్బాయిలైతే నలుగురు ఒక గదిలో సర్దుకుంటారు, ఊరి చివరికైనా వెళ్తారు. మన విషయంలో ఇంట్లో ముందు అడిగేది "సేఫేనా?" అని. ఆఫీసుకు దగ్గర, మెయిన్ రోడ్డు, వాచ్‌మన్, అన్నిటికీ విడివిడిగా ధర ఉంది. మా వీధిలో ఒక అక్కకు ఉద్యోగం వచ్చింది, అడ్వాన్స్ సర్దలేకపోయారు. "ఆ డబ్బేదో పెళ్లికి దాచుకుందాం" అన్నారు. ఇప్పుడామె ఇంట్లోనే ఉంది. ఆమె తెలివికి ఏ లోటూ లేదు, లేనిది అడ్వాన్స్ డబ్బే.

కేంద్రం 2021లో ఇచ్చిన నమూనా అద్దె చట్టంలో ఇళ్లకు రెండు నెలల బాడుగకు మించి డిపాజిట్ తీసుకోకూడదని ఉంది. నమూనా కాబట్టి రాష్ట్రాలు చట్టం చేస్తేనే అమలు. చేయమని గట్టిగా అడగాలి. ఉద్యోగినుల హాస్టళ్ల కేంద్ర పథకం 1972-73 నుంచీ ఉంది, ఇప్పుడు దాని పేరు సఖీ నివాస్. అలాంటి హాస్టళ్లు ఉద్యోగాలున్న చోటే, వైట్‌ఫీల్డ్ లాంటి చోటే కట్టాలి.

మన చేతిలోనూ కొంత ఉంది. క్యాంపస్ ఇంటర్వ్యూలకు కంపెనీలు వచ్చినప్పుడు జీతం ఎంతని అడిగినట్టే, అడ్వాన్స్ కోసం మొదటి నెలే జీతం మీద అప్పు ఇస్తారా అని మన ప్లేస్‌మెంట్ సెల్ అడగాలి. బెంగళూరులో ఉన్న సీనియర్ల వివరాలు, వాళ్లు కట్టే బాడుగ, అడ్వాన్స్ ఒక రిజిస్టరులో రాసి డిపార్ట్‌మెంట్‌లో పెట్టాలి. ఎవరికి ఎక్కడ గది ఖాళీ ఉందో తెలుస్తుంది, ఎంత అడిగితే ఎక్కువో కూడా తెలుస్తుంది. రిజిస్టరు నేను కొంటాను. మొదటి పేజీలో మీ అక్కల వివరాలు రాయడానికి ఎవరొస్తారో చెప్పండి.

— మూడో సంవత్సరం, బి.ఏ.