సగటు లెక్కయు, నేటి రాత్రి ఆకసమును

మడకశిర ప్రాంతమున వేరుశనగ వేయు రైతునకు సగటు వర్షపాతమును గూర్చి చెప్పిన నతడు నవ్వును. పూర్వపు అనంతపురము జిల్లాకు సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన సగటున గలదు. కాని చేను పండునది అదనునకు బడిన వానతో. మేఘములకంటె నెంతయో పైనున్న ఆకసమునకును ఈ మాట వర్తించును.

భూమికి సుమారు 60 మొదలు 1000 కిలోమీటర్ల యెత్తువఱకు గల భాగము అయనావరణము. అచ్చట సూర్యకిరణములు వాయుకణములనుండి ఎలక్ట్రానులను విడదీయును. ఈ విద్యుత్కణములు ఉపగ్రహ సంకేతములను ఆలస్యపఱచి, విమానముల దారి లెక్కలలో పొరపాటు కలిగింపగలవు. కావుననే వీని నడవడిని గణితముచే చెప్పుటకు శాస్త్రజ్ఞులు నమూనాలు కట్టిరి. 1960ల చివర ఆరంభమైన అంతర్జాతీయ ప్రామాణిక అయనావరణ నమూనా వానిలో ప్రసిద్ధమైనది. ఏ చోట, ఏ గంటకు, ఏ యెత్తున ఎన్ని ఎలక్ట్రానులుండునో అది చెప్పును. కాని చెప్పునది నెలసరి సగటు.

అయస్కాంత భూమధ్యరేఖ మనదేశపు దక్షిణపు కొసకు సమీపముగా పోవుచున్నది. ఆ ప్రాంతములందు సూర్యాస్తమయానంతరము కొన్ని రాత్రులు ఎలక్ట్రానులు తఱిగిన బుడగలు పైకెగసి సంకేతములను చెదరగొట్టును. నిన్న లేచిన బుడగ నేడు లేవకపోవచ్చును. దానిని చూచి తెలిసికొనవలసినదే. తిరుపతి సమీపమున గాదంకియందు 1990ల ఆరంభమున నెలకొల్పబడిన రాడారు 1024 యాంటెన్నాలతో ఇట్టి అలజడిని పరిశీలించుటకు తోడ్పడినది. ఆ యూరు మనకు రెండు డిగ్రీలు తూర్పున, ఇంచుమించు మన అక్షాంశముననే యున్నది.

గణనయంత్రములు పెరిగినకొలది కొలతల పని తగ్గునని కొందఱందురు. నా యభిప్రాయము వేఱు. కొలతలు లేనిచోట నమూనాయే యాధారమను మాట నిజమే. అయినను అది తప్పిన రాత్రిని వ్రాసిపెట్టినవాడు లేనిదే తరువాతి నమూనాకు మెఱుగు రాదు.

విద్యార్థులారా! మనకు రాడారు లేదు. మీడియం వేవు రేడియోయు, గడియారమును, నోటుపుస్తకమును చాలును. పగలు అయనావరణపు క్రిందిపొర ఆ తరంగములను మ్రింగును. ప్రొద్దు గ్రుంకగా నది క్షీణించును. అప్పుడు పైపొరలు దూరపు కేంద్రములను మనకు వినిపించును. ఏ గంటకు ఏ కేంద్రము వినబడెనో దినదినము వ్రాసికొనుడు. మాసాంతమున సగటు కట్టి, దానికి సరిపడని రాత్రులను ఎఱ్ఱసిరాతో గుర్తింపుడు. తలిదండ్రులు ఆ రేడియోను చూచి కసరకుందురుగాక! ఆ యెఱ్ఱగుర్తులున్న పుస్తకము మన బడిలో ఒక్కటి యున్నను, రాబోవు తరగతులవారికి అది చదువదగిన పాఠమగును.