పాత విండోస్ పోయింది, పాత ఫైళ్లు పోలేదు

మా వీధిలో ఉండే పెద్దాయన భిలాయి ఉక్కు కర్మాగారంలో రైలు పట్టాలు తయారుచేసే మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగువాళ్లలో ఆయనొకరు. ఈమధ్య తన కంప్యూటర్‌లో విండోస్ మళ్లీ వేయించారు. చూస్తే డెస్క్‌టాప్ ఖాళీ. "అన్నీ పోయాయి బాబూ" అన్నారు. వేసిన కుర్రాడేమో సీ డ్రైవ్‌లో పాత చెత్త మిగిలింది, తీసేయండి అని చెప్పి వెళ్లాడట. ఏళ్ల తరబడి ఉగాదికి ఆయన రాసిన నాటికలు ఆ చెత్తలోనే ఉన్నాయి!

డిస్క్‌ను ఫార్మాట్ చేయకుండా విండోస్ మళ్లీ వేస్తే, పాత వ్యవస్థ మొత్తం 'విండోస్ డాట్ ఓల్డ్' అనే ఫోల్డర్‌లోకి చేరుతుంది. అందులో 'యూజర్స్' తెరిచి, మీ పాత ఖాతా పేరు మీద నొక్కితే డాక్యుమెంట్లు, ఫొటోలు, డౌన్‌లోడ్లు ఉన్నచోటే కనిపిస్తాయి. అనుమతి అడిగితే ఇవ్వండి. అయితే గడువుంది. పాత వెర్షన్ నుంచి అప్‌గ్రేడ్ చేసినప్పుడు మామూలుగా పది రోజుల తర్వాత విండోస్ తనంతట తానే ఆ ఫోల్డర్‌ను తీసేస్తుంది. కాబట్టి ముందు కాపీ, తర్వాతే శుభ్రం.

తెలుగువాళ్లకు ఇంకో చిక్కుంది. పెద్దాయన నాటికలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి తెరిస్తే తెలుగు బదులు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వచ్చాయి. ఫైలు పాడైందనుకుని ఆయన కుంగిపోయారు. నిజానికి పాడవలేదు. యూనికోడ్ వాడుకలోకి రాకముందు అను వంటి ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలను పెట్టుకుని పనిచేసేవి. ఫాంట్ లేకపోతే లోపలున్న ఇంగ్లీషు సంకేతాలే బయటపడతాయి. విండోస్ డాట్ ఓల్డ్‌లోని 'విండోస్' ఫోల్డర్‌లో 'ఫాంట్స్' ఉంటుంది. ఆయన పాత ఫాంట్ అక్కడే దొరికింది. చెత్త అని ఊడ్చేసి ఉంటే ఫైళ్లతోపాటు వాటిని చదివే తాళంచెవీ పోయేది.

అన్నీ దాచుకున్నాక ఆ ఫోల్డర్‌ను డిలీట్ మీటతో తీయబోతే తరచూ అనుమతి లేదంటుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్‌లోకి వెళ్లి పాత విండోస్ ఇన్‌స్టలేషన్ ఎదుట టిక్ పెడితే సరి.

కంప్యూటర్ అమ్మేటప్పుడు ఇదే భ్రమ రెండోవైపు నుంచి దెబ్బతీస్తుంది. విండోస్ కొత్తగా వేశాం, అంతా తుడుచుకుపోయింది అనుకుంటాం. ఫైలు తొలగించినా, త్వరిత ఫార్మాట్ చేసినా ఆ ఫైలు ఎక్కడుందో చెప్పే సూచికే చెరిగిపోతుంది. హార్డ్ డిస్క్‌లో అసలు సమాచారం దాని మీద వేరేది రాసేదాకా ఉంటుంది. అమెరికాలో గార్ఫింకెల్, షెలాట్ అనే ఇద్దరు పరిశోధకులు 158 పాత డిస్కులు కొని 2003లో ఫలితాలు ప్రచురించారు. పనిచేసిన 129లో సరిగ్గా తుడిచినవి 12 మాత్రమే. మిగతావాటిలో క్రెడిట్ కార్డు నంబర్ల నుంచి వైద్య వివరాల దాకా దొరికాయి. మన డిస్కుల్లో పాన్, ఆధార్ స్కాన్లు, పెన్షన్ కాగితాలు ఉంటాయి. అమ్మే ముందు 'రీసెట్'లో అన్నీ తీసేసే ఎంపికతోపాటు డ్రైవ్‌ను శుభ్రపరిచే ఎంపిక కూడా పెట్టాలి. అది గంటలు పట్టొచ్చు, పట్టనివ్వండి.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది గనుక కొత్త విండోస్ వేయించుకునేవాళ్లు ఇంకా వస్తూనే ఉంటారు. మరమ్మతు చేసేవాళ్లను నేను కోరేది చిన్న విషయం. పని మొదలుపెట్టే ముందు "ఏం ఉంచాలి?" అని అడగండి, ఆ జవాబు బిల్లు మీద రాయండి. ఏది చెత్తో తేల్చాల్సింది యజమాని.

పెద్దాయన నాటికల్లో మూడు ఇంకా దొరకలేదు. అవి డీ డ్రైవ్‌లో ఉండొచ్చని ఈ ఆదివారం మళ్లీ వెతుకుతున్నాం.