ఆటోనగర్‌కు వంట బడి కావాలి

విశాఖ ఉక్కు కర్మాగారానికి 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించిన 2025లోనే ఆ కర్మాగారం కాంట్రాక్టు కార్మికులను వేల సంఖ్యలో గేటు బయట నిలబెట్టింది. ఆ ఇళ్లలో ఏం జరుగుతున్నదో గాజువాక, పెదగంట్యాడ వాసులకు వివరించనక్కరలేదు. చర్చించవలసినది ఇంతవరకు ఏ పార్టీ జెండా మీదికీ ఎక్కని ఒక డిమాండు: ఆ కార్మికులకు ఆటోనగర్‌లో, భత్యం చెల్లించి నేర్పే వంట శిక్షణ కేంద్రం.

ఈ పనికి గిరాకీ సృష్టించింది చట్టమే. 1948 ఫ్యాక్టరీల చట్టం 250 మందికి మించి పనిచేసే ఫ్యాక్టరీలలో క్యాంటీన్ పెట్టించే అధికారాన్ని ప్రభుత్వాలకు ఇవ్వగా, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా స్మృతి కాంట్రాక్టు కార్మికులను కలుపుకొని ఆ పరిమితిని వందకు దించింది. పరవాడ ఫార్మాసిటీలోనూ అచ్యుతాపురం సెజ్‌లోనూ షిఫ్టు షిఫ్టుకూ గుండిగలు పొయ్యెక్కవలసిందే. కానీ క్యాంటీన్ ఉండాలన్న చట్టం వండే మనిషికి వృత్తి శిక్షణ ఉండాలని పట్టుబట్టదు కాబట్టి, ప్లేటు భోజనం ఎంత చవకగా పెడతారన్నదే టెండరులో తేలుతుంది, వంటవాడు హెల్పరు జీతం మీద మిగిలిపోతాడు.

వంట అందరికీ వచ్చిన పనే అనే మాట ఇక్కడ ప్రమాదకరం. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు; వండిన అన్నాన్ని 60 డిగ్రీల పైన ఉంచకుండా గంటల తరబడి గోరువెచ్చగా వదిలేస్తే అవి మొలకెత్తి విషం పుట్టిస్తాయి, మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. పెళ్లిళ్ల గాడిపొయ్యి దగ్గర పని నేర్చిన వంట మాస్టరుకు ఐదు వందల మందికి పులుసు పాళ్లు వేళ్ల మీద ఉంటాయి గాని, ఈ సంగతి ఆయనకు ఎవరు చెప్పారు?

1941లో నౌకా నిర్మాణ కేంద్రానికి పునాది పడిన నాటి నుంచి ఈ నగరం వెల్డరును, ఫిట్టరును తీర్చిదిద్దుతూ వచ్చింది; 1961 అప్రెంటిస్‌ల చట్టం నేర్చుకునే కాలానికి స్టైపెండు, అంటే శిక్షణ భత్యం, హక్కుగా ఇచ్చింది. ఇనుము అతికే చేతికి దక్కిన మర్యాద అన్నం వండే చేతికి దక్కలేదు. బడి భోజనం వండే స్త్రీలకు కేంద్రం 2009లో నిర్ణయించిన గౌరవ వేతనం నెలకు 1,000 రూపాయలు. రాష్ట్రం 2019లో దానిని 3,000 చేసి చేతులు దులుపుకుంది. గౌరవం సంగతి సరే, వేతనం ఏది?

పథకాలు లేవా అంటే ఉన్నాయి, గేటు బయట నిలబడిన ఈ కార్మికులకు అందకుండా ఉన్నాయి. పర్యాటక శాఖ 2009–10లో మొదలుపెట్టిన ‘హునర్ సే రోజ్‌గార్ తక్’ ఉచితంగానే వంట నేర్పింది, కానీ కుర్రవాళ్లకు. 28 ఏళ్ల గీత దాటినవాడికి అది అక్కరకు రాలేదు. ఐటీఐలోని ఫుడ్ ప్రొడక్షన్ ట్రేడుకు ఏడాది కావాలి, ఆ ఏడాది ఇల్లు గడిచేదెలాగో ప్రాస్పెక్టస్ చెప్పదు. గ్రామీణ కౌశల్య యోజన సాధారణంగా 15–35 ఏళ్ల పల్లె యువతకే వర్తిస్తుంది. అసలు అన్యాయం ఇక్కడే ఉంది. ఉక్కు కోసం భూములు ఇచ్చి, పునరావాస కార్డు, అంటే ఉద్యోగానికి హామీగా చూసుకున్న ఆర్-కార్డు, పుచ్చుకున్న నిర్వాసితుల కాలనీలు 2005లో మహా విశాఖ నగరపాలక సంస్థ ఏర్పడడంతో పట్టణమైపోయాయి. పొలం తీసుకునేటప్పుడు పల్లెటూరివాళ్లు, శిక్షణ అడిగేటప్పుడు పట్నంవాళ్లు! ఆ కార్డు పట్టుకుని ఉద్యోగం రాక, కాంట్రాక్టు పనిలో నడివయసుకు చేరి, ఇప్పుడు అదీ పోగొట్టుకున్న మనిషికి ఏ పథకంలోనూ గడి లేదు. ఇది పొరపాటు కాదు, మొహం చాటెయ్యడం.

మగవాళ్లు గంటె పట్టరని కొందరంటారు. హోటళ్లలో పట్టినది ఎవరో వారే చూసి రావచ్చు. నేర్చినా జీతం తక్కువే అనేవారు, ఆ జీతాన్ని తక్కువగా ఉంచినది సర్టిఫికెట్ లేకపోవడమేనని గ్రహించాలి. వాషింగ్టన్‌లో 1989లో మొదలైన డీసీ సెంట్రల్ కిచెన్ నిరుద్యోగులకూ జైలు నుంచి వచ్చినవారికీ వంట నేర్పుతూ, ఆ వంటశాల నుంచే ఆశ్రయ గృహాలకు భోజనం పంపుతున్నది. ఆటోనగర్‌లో తినేవారికి అంతకన్నా కొదవా?

ఆరు నెలల శిక్షణ, కనీస వేతనానికి తగ్గని భత్యం, వయోపరిమితి రద్దు, క్యాంటీన్ టెండర్లలో శిక్షణ పొందిన వంటవారిని నియమించాలన్న షరతు: ఇవి ఒకదాన్ని విడిచి మరొకటి నిలవవు. షెడ్డు రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ఏపీఐఐసీ ఇవ్వాలి, డబ్బు రాష్ట్రం పెట్టాలి. కార్మిక సంఘాలు రాబోయే చర్చల అజెండాలో ఈ డిమాండును చేర్చాలి. తమ ఫ్యాక్టరీ క్యాంటీన్ టెండరు పత్రాన్ని ప్రతి కార్మికుడూ అడిగి తెప్పించుకుని, అందులో వంటవాడి గురించి ఏముందో చదవాలి.